పికప్ బండి కొనువారికి: బేరమునకు ముందు లెక్క

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో నేడు ఏ గ్రామమునకు పోయినను, చెరువు గట్టు మీదనో రామాలయము ముంగిటనో పసుపుపచ్చ నంబరు పలక గల పికప్ బండి యొకటి నిలిచియుండుట చూడవచ్చును. తెనాలి మార్కెట్టునకు నిమ్మకాయలు, దుగ్గిరాల యార్డునకు పసుపు, గుంటూరు యార్డునకు మిరపకాయలు, నిజాంపట్నము రేవు నుండి చేపలు, లంక గ్రామముల నుండి అరటి గెలలు, కంద, ఇవన్నియు ఇట్టి బండ్ల మీదనే కదలుచున్నవి. ఈ మార్పు మంచిదే. సరకు సకాలమున సంతకు చేరినచో ధర దక్కును. ఆలస్యమైనచో నిమ్మకాయ మెత్తబడును, చేప చెడును. కావున బండి కొనదలచిన రైతును వారించుట నా ఉద్దేశము కాదు. అయితే బండి కొనునప్పుడు మనవారు చూపు జాగ్రత్త, ఒక ఎద్దును కొనునప్పుడు చూపు జాగ్రత్తలో సగమైనను లేదని నా అభిప్రాయము.

ఎద్దును కొనబోవు రైతు ఒంటరిగా పోడు. తెలిసిన పెద్ద నొకనిని వెంట తీసికొని పోవును. పండ్లు చూచును, గిట్టలు చూచును, సుడులు చూచును. కాడికి కట్టి నాలుగు చాళ్లు దున్నించి నడక చూచును. తుండుగుడ్డ క్రింద వ్రేళ్లు పట్టి బేరమాడును. తాను ఎంతవరకు పోగలడో ఎదుటివానికి తెలియనీయడు. అదే రైతు ఎనిమిది, పది లక్షల రూపాయల బండి కొనునప్పుడు చల్లని గదిలో మెత్తని కుర్చీలో కూర్చుండి, "నెలకెంత కట్టవలెను?" అని మాత్రమే అడిగి, వ్రేలితో చూపిన చోటులందెల్ల సంతకము చేసి ఇంటికి వచ్చుచున్నాడు. ఎద్దు చెడ్డదైనచో ఒక పైరు నష్టము. బండి అప్పు చెడినచో పొలము పత్రము తాకట్టునకు పోవును, జామీను ఉన్న పొరుగువానితో వైరము వచ్చును.

నేను చెప్పదలచినది రెండు మాటలు. ఒకటి, బండి బేరము షోరూములో కూర్చున్న తరువాత మొదలగునది కాదు. అది ఇంటి వద్ద కాగితము మీద లెక్క వేసికొనునప్పుడే సగము తేలవలెను. రెండవది, ఆ బేరమును ఒక్కొక్క రైతు విడివిడిగా చేయుటకంటె సంఘ సభ్యులు కలసి చేయుట మేలు. ఈ రెంటిని వరుసగా విన్నవించెదను.

బరువెంత, బాట ఎట్టిది?

మొట్టమొదట తేల్చుకొనవలసినది సరకు బరువు. మన వైపు ధాన్యపు బస్తా 75 కిలోలు. ముప్పాతిక టన్ను మోయు చిన్న బండిలో 10 బస్తాలు, 1,300 కిలోల బండిలో 17 బస్తాలు, 1,700 కిలోల బండిలో 22 బస్తాలు చట్టప్రకారము పట్టును. మీరు సంవత్సరము పొడవునను మోయు సరకు ఏది? అరటి గెలలు, కూరగాయలు చోటు ఎక్కువ ఆక్రమించి బరువు తక్కువ తూగును. వానికి బాడీ పొడవు ముఖ్యము. ధాన్యము, మొక్కజొన్న, ఎరువు బస్తాలు కొద్ది చోటులోనే చాల బరువు తూగును. వానికి స్ప్రింగు కట్టలు, వెనుక ఇరుసు గట్టిగా నుండుట ముఖ్యము. ఎక్కువ దినములు మోయు సరకును బట్టి బండిని ఎంచుకొనవలెను. ఏడాదికి పది దినములు మాత్రమే వచ్చు పెద్ద లోడును బట్టి ఎంచుకొనరాదు. ఆ పది దినములకు బాడుగ బండి దొరకును.

ఇచ్చట చట్టములోని ఒక సంఖ్యను గుర్తుంచుకొనవలెను. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 66వ సెక్షను మేరకు, బండి బరువు, సరకు బరువు కలిపి 3,000 కిలోలు మించని సరకు బండికి పర్మిట్ అక్కరలేదు. మించినచో పర్మిట్ కావలెను. కంపెనీలవారు కొన్ని రకములను 3,000 కిలోలకు కొంచెము లోపుగా నిలిపి చేయుటకు కారణ మిదియే. చూపునకు ఒకే తీరుగా ఉండు రెండు బండ్లలో ఒకటి ఈ గీతకు ఇవతల, మరొకటి అవతల ఉండవచ్చును. కావున పేరు చూచి గాక, మొత్తము బరువు ఎన్ని కిలోలుగా రిజిస్టరు అగునో అడిగి వ్రాసికొనుడు. లైసెన్సు విషయమున మాత్రము భయము వలదు. మొత్తము బరువు 7,500 కిలోలు మించని సరకు బండిని తేలిక మోటారు వాహన లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6వ తేదీన తీర్పు చెప్పినది.

"చిన్న బండి కొని పెద్ద లోడు వేసినచో ఏమి?" అని కొందరందురు. 2019 సవరణ తరువాత 194వ సెక్షను మేరకు అధిక బరువునకు 20,000 రూపాయలు, పైగా అదనపు టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలు జరిమానా. జరిమానా తప్పినను స్ప్రింగు కట్టలు, టైర్లు, బ్రేకులు తమ జరిమానాను తామే వసూలు చేయును. మరియొక సంగతి. కొన్న తరువాత ఇనుప చట్రము, ఎత్తయిన జాలీ బిగించినచో ఆ ఇనుము బరువంతయు మోయగల సరకు బరువు నుండి తగ్గును. వంద కిలోల ఇనుము బిగించిన నాడు ప్రతి ట్రిప్పునకును ఒక బస్తాకు పైగా సరకు పోగొట్టుకొనుచున్నట్లే.

తరువాత బాట. కొల్లిపర, దుగ్గిరాల వైపు లంక గ్రామములలో బురద, ఇసుక గల డొంకలుండును. అచ్చట పెద్ద టైర్లు, నేలకు ఎత్తయిన ఇరుసు అవసరము. కాలువ గట్టు మీద బండిని మలుపుకొనుటకు చోటు తక్కువ. అచ్చట మితిమీరిన పొడవు గల బండి ఇబ్బంది పెట్టును. రేపల్లె, నిజాంపట్నము, బాపట్ల తీర గ్రామములలో ఉప్పు గాలి ఇనుమును తినివేయును. రొయ్యల పెట్టెల నుండి ఉప్పునీరు కారు బండికి బాడీ అడుగున తుప్పు పట్టని పూత వేయించుట అలంకారము కాదు, అవసరము. 216వ జాతీయ రహదారి మీద ఒంగోలు వైపునకో మచిలీపట్నము వైపునకో దూరము పోవు బండికి కావలసినది వేరు, ఊరికిని మిల్లునకును నడుమ తిరుగు బండికి కావలసినది వేరు.

ఏది అవసరము, ఏది కొసరు?

షోరూములో ఒకే బండిని నాలుగైదు రకములుగా చూపుదురు. ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది కొన్ని వేలు పెరుగును. దేనికి డబ్బు పెట్టవలెను, దేనికి పెట్టరాదు అనునది ఇంటి వద్దనే నిర్ణయించుకొని పోవలెను.

నా మతమున డబ్బు పెట్టదగినవి ఇవి. పవర్ స్టీరింగు. నిండు లోడుతో కాలువ గట్టు మలుపులు తిప్పువాని భుజములకే దాని విలువ తెలియును. మూడు వైపుల తెరచుకొను బాడీ, నేలకు దగ్గరగా నుండు బాడీ అడుగు. బస్తా ఎత్తువాడు మనిషి గావున అడుగు ఎంత ఎత్తయిన అంత కూలి, అంత నడుము నొప్పి. మంచి స్టెప్నీ టైరు, జాకీ. మీ సరకు రాత్రివేళ కదలునదైనచో వెలుతురు బాగుగా నిచ్చు దీపములు. దూరపు ట్రిప్పులు పోవు బండికి డ్రైవరు గదిలో చల్లగాలి యంత్రము కూడ వృథా కాదు. వేసవిలో మధ్యాహ్నము మగతలో జరుగు ప్రమాదము దానికంటె ఖరీదైనది.

డబ్బు పెట్టదగనివి పాటల పెట్టె, రంగు బొమ్మలు, మెరుపు గొట్టములు, సీటు తొడుగులు. వీనిని "ఉచితము" అని ఇచ్చినప్పుడు మనము సంతోషింతుము. "కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ" అను సామెత మన ఇంటిదే. వంకాయ ధరకు గుమ్మడికాయ ఇచ్చువాడు దాని వెల ఎక్కడనో కలిపియే యుండును. పదిహేను వేల రూపాయల వస్తువులు ఉచితమని చెప్పినచో, "అవి నాకు వలదు, ధరలో పదివేలు తగ్గింపుడు" అని అడుగుడు. వచ్చు జవాబును బట్టి వాని నిజమైన విలువ తెలియును.

ఇంధన విషయము కూడ ఎంపికలోనిదే. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నిబంధనలు అమలులోనికి వచ్చినవి. అట్టి డీజిల్ బండ్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ యుండును. బండి కొంతసేపు ఎడతెగక నడచి వేడెక్కినగాని ఆ మసి కాలిపోదు. రోజంతయు ఊరిలోనే కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరిగి ఆగు బండికి జల్లెడ పూడుకొని తరచుగా మెకానిక్కు అవసరము పడును. సి.ఎన్.జి. బండికి ఖర్చు తక్కువ యగునని చెప్పుదురు, కాని గ్యాసు బంకు మీరు రోజును పోవు దారిలోనే యున్నదా, వరుసలో ఎంతసేపు నిలువవలెను అనునది విచారించి గాని నిర్ణయించుకొనరాదు. 2022లో టాటా వారు ఏస్ బండిని విద్యుత్తుతో నడచునట్లు కూడ వెలువరించిరి. రోజును ఒకే దారిన ఒకే దూరము పోయి రాత్రికి ఇంటికి చేరు పాలబండికి అట్టిది సరిపడవచ్చును. కోత కాలమున రాత్రింబవళ్లు తిరుగవలసిన బండికి సరిపడుట కష్టము.

అన్నింటికంటె మించినది సర్వీసు. బండి ఎంత మంచిదైనను విడి భాగము కొరకు నాలుగు దినములు ఆగవలసి వచ్చినచో, ఆ నాలుగు దినములు కోత కాలములో వచ్చినచో, లాభమంతయు పోవును. మీ ఊరికి దగ్గరలో ఆ బండిని విప్పి బిగింపగల మెకానిక్కులు ఎందరున్నారో, అదే రకపు బండి నడుపుచున్న నలుగురు ఏమి చెప్పుచున్నారో విచారింపుడు. కంపెనీ ఇచ్చు వారంటీ ఎన్ని సంవత్సరములు, ఎన్ని కిలోమీటర్లు, రెంటిలో ఏది ముందు ముగియునో కాగితము మీద చూడుడు. ఎక్కువ తిరుగు బండికి కిలోమీటర్లే ముందు ముగియును.

ధర అనునది ఒక్క అంకె

బేరములో మొదటి నియమము: నెల వాయిదా మాట ఎత్తరాదు. ముందు ధర తేలవలెను. "నెలకు ఎంత కట్టగలరు?" అని అడిగినప్పుడు మీరు పదునెనిమిది వేలు అన్నచో, ధర తగ్గింపకయే వాయిదాల సంఖ్య పెంచి ఆ పదునెనిమిది వేలు చేసి చూపుదురు. తుండుగుడ్డ క్రింద వ్రేళ్లు దాచుకొనిన రైతు ఇచ్చట మాత్రము తన వ్రేళ్లను ముందుగానే చూపుట ఎందులకు?

కనీసము ఇద్దరు ముగ్గురు డీలర్ల వద్ద లిఖితపూర్వకమైన కొటేషన్లు తీసికొనుడు. ప్రతిదానిలోను బండి ధర, జి.ఎస్.టి., రవాణా శాఖకు చెల్లు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, ఇన్సూరెన్సు, బాడీ పని, ఇతర వస్తువులు వేరువేరు వరుసలలో ఉండవలెను. చివర మొత్తము ఒక్క అంకె యుండవలెను. ఇంటికి బండి వచ్చువరకు ఆ అంకె మీద ఒక రూపాయి కూడ పెరుగరాదు. "హ్యాండ్లింగు చార్జీలు" వంటి పేరుతో ఏదైన వరుస కనబడినచో అది ప్రభుత్వమునకు చెల్లునది కాదని తెలిసి, తీసివేయుమని అడుగుడు.

పన్ను తగ్గుదలను డీలరు చేసిన తగ్గింపుగా భ్రమపడరాదు. సరకు బండ్ల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. పన్నుకు ముందు ధర 7,50,000 రూపాయలనుకొందము. పూర్వము అది 9,60,000 అయ్యెడిది. తగ్గిన పన్నుతో 8,85,000 అగును. ఈ 75,000 రూపాయల తేడా ప్రభుత్వము తగ్గించిన పన్ను. బేరములో డీలరు ఇచ్చునది దానికి పైన ఉండవలెను. 2025కు ముందు కొన్న బంధువు చెప్పిన ధరతో సరిచూచుకొనువారు ఈ సంగతి మరువరాదు.

ఇన్సూరెన్సు డీలరు వద్దనే తీసికొనవలెనను నిబంధన లేదు. దానిలో రెండు భాగములున్నవి. ఇతరులకు కలుగు నష్టమునకు సంబంధించిన భాగము ప్రభుత్వ ప్రకటనచే నిర్ణయమగును. 7,500 కిలోలు మించని సరకు బండికి 2022 ప్రకటనలో అది సంవత్సరమునకు 16,049 రూపాయలు. ఈ భాగము ఏ కంపెనీయందైనను ఒక్కటే. బండికి కలుగు నష్టమునకు సంబంధించిన రెండవ భాగమే కంపెనీకి కంపెనీకి మారును, బేరమునకు చోటున్నది అచ్చటనే. వేరొక చోట ధర విచారించి ఆ కాగితము చేత పట్టుకొని పొండు.

ఇన్సూరెన్సులో మనవారు తప్పక గమనింపవలసిన మరియొక విషయమున్నది. మన వైపు మిరపకాయ కోతలకు, నాట్లకు కూలీలను సరకు బండిలో ఎక్కించుకొని పోవుట అలవాటు. సరకు బండిలో ఊరకే ఎక్కిన ప్రయాణికులకు కలుగు హానికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసున నిర్ణయించినది. ప్రమాదము జరిగినచో ఆ కుటుంబముల పరిహారము బండి యజమాని ఇంటి మీద, పొలము మీద పడును. ప్రాణములు పోవుట అంతకంటె పెద్ద మాట. కూలీలకు వేరు బండి చూడుడు. డ్రైవరు, లోడు ఎత్తు హమాలీలు బీమాలో చేరిరో లేదో మాత్రము పాలసీ తీసికొనునాడే అడిగి వ్రాయించుకొనుడు. దానికి పెరుగు ప్రీమియము స్వల్పమే.

పాత బండిని ఇచ్చి కొత్తది కొనువారు రెండు బేరములను కలుపరాదు. ముందు కొత్త బండి ధర ముగించి, పిదప పాత బండి మాట ఎత్తవలెను. కలిపినచో ఒక చేత ఇచ్చి రెండవ చేత తీసికొనుట సులభము.

వడ్డీ లెక్క

అప్పు విషయమున రైతును మోసపుచ్చునది అబద్ధము కానక్కరలేదు, సగము చెప్పిన నిజము చాలును. 8,00,000 రూపాయలు 5 సంవత్సరములకు అప్పు తీసికొన్నామనుకొందము. ఒకరు "మా వడ్డీ 7 శాతమే" అందురు. వారు లెక్కించునది మొదటి అసలు మీద 5 సంవత్సరములకును, అనగా 2,80,000 రూపాయలు. మొత్తము 10,80,000, నెలకు 18,000 రూపాయలు. మరియొకరు "మా వడ్డీ 10 శాతము" అందురు. కాని వారిది తీర్చినకొలది తగ్గు అసలు మీద వడ్డీ. అప్పుడు నెలకు సుమారు 17,000 రూపాయలే అగును. 7 శాతము అన్నవారి వద్ద 60 నెలలలో సుమారు 60,000 రూపాయలు ఎక్కువ కట్టుదుము. తగ్గు అసలు పద్ధతిలో చెప్పవలెనన్నచో ఆ 7 శాతము నిజమునకు 12 శాతమున్నర.

ఈ చిక్కు విప్పుటకు ఇప్పుడొక ఆధారము కలదు. రిజర్వు బ్యాంకు నిబంధన మేరకు 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇట్టి అప్పులకు ముఖ్య విషయముల పత్రము నొకదానిని ఇయ్యవలెను. రుసుములన్నియు కలిపి సంవత్సరమునకు పడు నిజమైన శాతము అందులో నుండును. ఆ పత్రము చేతికి రాక సంతకము చేయరాదు. ముందుగా అప్పు తీర్చినచో రుసుమెంత, వాయిదా తప్పినచో రుసుమెంత అనునది కూడ అందులోనే చూడుడు. ఖాళీ కాగితముల మీద సంతకము ఎవరికిని ఇయ్యరాదు. అప్పు తీరిన తరువాత ఫైనాన్సు వారి నుండి 35వ నంబరు ఫారము, నిరభ్యంతర పత్రము తీసికొని రిజిస్ట్రేషను పత్రములోని అప్పు నమోదును తీసివేయించుకొనుట మరువరాదు.

వాయిదా తక్కువైనంత మాత్రమున బండి గిట్టుబాటగునని కాదు. ఉదాహరణకు నెలకు వాయిదా 17,000, ఇన్సూరెన్సు నిమిత్తము 3,000, టైర్లు, సర్వీసు నిమిత్తము దాచునది 4,000, డ్రైవరు జీతము 15,000 అనుకొందము. మొత్తము 39,000. డీజిలు పోగా ట్రిప్పునకు 1,500 మిగిలినచో నెలకు 26 ట్రిప్పులు తిరిగినగాని చేతి డబ్బు పడక తప్పదు. ధాన్యము కోతలు, పసుపు, మొక్కజొన్న కాలములలో 26 ట్రిప్పులు కష్టము కాదు. నాట్ల తరువాత పొలములో పైరే గాని కళ్లములో సరకు లేని మూడు నెలలలో నెలకు 10 ట్రిప్పులు దొరకినచో ప్రతి నెల 24,000, మూడు నెలలకు 72,000 రూపాయలు లోటు. ఈ లోటును కోత నెలల ఆదాయము నుండి ముందుగానే తీసి దాచిన రైతు బండిని నిలుపుకొనును. దాచనివాడు ఆ మూడు నెలలలో చేబదులు కొరకు తిరుగును. మీ అంకెలు వేరుగా నుండవచ్చును. బండి చూడబోవుటకు ముందే ఈ లెక్కను మీ అంకెలతో మీరు వేసికొనుడు. లెక్క కుదరనిచో బండి కొనకుండుటయే లాభము.

బండి చేతికి వచ్చు దినము

పూజకు కొబ్బరికాయ కొట్టుటకు ముందు అరగంట ఇందుకు కేటాయింపుడు. బిల్లులోని ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు బండి మీది నంబర్లతో సరిపోవుచున్నవా? 21వ నంబరు ఫారములో తయారైన నెల, సంవత్సరము వ్రాసియుండును. డిసెంబరులో తయారైన బండిని మార్చిలో కొనినచో రేపు అమ్మునప్పుడు ఒక సంవత్సరము పాతదిగా లెక్కింపబడును. అట్టి నిలువ బండి కొనరాదని కాదు, దాని వయస్సునకు తగిన తగ్గింపు అడుగవలెను. టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును. 1225 అనగా 2025లో 12వ వారమున తయారైన టైరు. స్టెప్నీతో సహా ఐదింటిని చూడుడు. తాత్కాలికముగానైనను రిజిస్ట్రేషను లేక డీలరు బండిని ఇయ్యరాదని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 42వ నిబంధన చెప్పుచున్నది. "నంబరు తరువాత వచ్చును, బండి తీసికొని పొండు" అన్నచో తీసికొనరాదు.

కలసి కొనుట ఎందులకు?

ఇంతవరకు చెప్పినదంతయు ఒక్క రైతు ఒంటరిగా చేయగలడా? చదువుకొన్నవాడు, తీరిక గలవాడు కొంత చేయగలడు. కాని షోరూములో కూర్చున్నవానికి బేరము రోజువారీ పని, మనకు పదేండ్ల కొకసారి వచ్చు పని. ఈ తేడాను పూడ్చుటకే సహకారము పుట్టినది. 1844లో ఇంగ్లండు దేశపు రాచ్‌డేల్ పట్టణమున నేతగాండ్రు పిండి, పంచదార, వెన్న కలసి కొనుటతో ఈ ఉద్యమమునకు దారి చూపిరి. మన దేశమున 1904 చట్టముతో పరపతి సంఘములు వచ్చినవి. ఎరువులు, విత్తనములు సంఘము ద్వారా కొనుట మనకు క్రొత్త కాదు. ఎరువు బస్తాకు పనికివచ్చిన పద్ధతి పది లక్షల బండికి పనికిరాకుండుట ఎట్లు?

నా సూచన ఇది. ఒక సంవత్సరములో పికప్ బండి కొనదలచిన సభ్యులు కార్యదర్శి వద్ద పేరు, మోయు సరకు, కావలసిన బరువు వ్రాయించవలెను. ఐదారుగురు కూడినచో ముగ్గురు సభ్యుల ఉపసంఘ మొకటి ఏర్పడవలెను. వారిలో ఒకడు బండి నడుపు అనుభవము గలవాడు, ఒకడు లెక్క తెలిసినవాడు కావలెను. వారు డీలర్లందరి నుండి మూసిన కవర్లలో కొటేషన్లు తెప్పించి సభ్యుల ఎదుట విప్పవలెను. ఒక బండి అమ్మునప్పుడు ఇయ్యని తగ్గింపు ఆరు బండ్లు ఒక్కసారి అమ్మునప్పుడు ఇచ్చుటకు డీలరునకు కారణ ముండును. అదే విధముగ జిల్లా సహకార కేంద్ర బ్యాంకును, ఇతర బ్యాంకులను వడ్డీ విషయమున అడుగవచ్చును. 2023 జనవరిలో కేంద్ర సహకార శాఖ ప్రాథమిక సంఘముల కొరకు పంపిన మాదిరి ఉపనిబంధనలలో 25కు పైగా వ్యాపారములు చేర్పబడినవి. వానిలో యంత్రములు బాడుగకిచ్చు కేంద్రములు కూడ నున్నవి. కావున ఇట్టి పని సంఘము భావమునకు వెలుపలిది కాదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. "సంఘము చేతికి పోయినచో ఎవరో కమీషను తిందురు" అందురు. ఆ భయము నిరాధారము కాదు. అందులకే కవర్లు అందరి ఎదుట విప్పవలెననియు, డీలరు ఇచ్చు ప్రతి తగ్గింపు బిల్లులోనే కనబడవలెననియు, ఉపసంఘ సభ్యులు ఏ విధమైన కానుకయు పుచ్చుకొనరాదనియు తీర్మానములో వ్రాయవలెను. "నాకు కావలసిన బండి వేరు, వానికి కావలసినది వేరు" అని మరియొకరందురు. బండి రకము ఎవరి ఇష్టము వారిదే. ధర తగ్గించుటకు కలసిరమ్మని గాని అందరును ఒకే రంగు బండి కొనవలెనని గాదు. "నాకు ఆ డీలరు తెలిసినవాడు, నాకు ప్రత్యేకముగా తగ్గించును" అనువారును కలరు. అట్టివారు తమ కొటేషనును కూడ కవరులో పెట్టి తెచ్చినచో ఆ ప్రత్యేకత ఎంతయో అందరికిని తెలియును. తక్కువగా నున్నచో అందరము వారి వెనుకనే పోవుదము.

రెండెకరములు, మూడెకరములు గల రైతులకు మరియొక మాట. పైన వేసిన 26 ట్రిప్పుల లెక్క మీకు ఒంటరిగా కుదరకపోవచ్చును. నలుగురు కలసి ఒక బండి కొని, వంతులు, బాడుగ రేట్లు, మరమ్మతు నిధి ముందుగానే కాగితము మీద వ్రాసికొని నడుపుకొనుట సాధ్యమే. వ్రాత లేని ఉమ్మడి వ్యవహారము అన్నదమ్ములను కూడ విడదీయును. వ్రాత ఉన్న ఉమ్మడి వ్యవహారము పరాయివారిని కలుపును.

కావున సోదరులారా, బండి కొనదలచినవారు షోరూమునకు పోవుటకు ముందు ఒక సాయంకాలము ఇంటిలో ఆడవారితో, ఎదిగిన పిల్లలతో కూర్చుండి లెక్క వేయుడు. ఇంటి ఖర్చు నడుపువారికి ఏ నెలలో చేతిలో డబ్బుండునో, ఏ నెలలో ఉండదో మీకంటె బాగుగా తెలియును. ఆ లెక్క కాగితమును రాబోవు సంఘ సమావేశమునకు తెండు. కోతలు మొదలగుటకు మూడు నెలల ముందే ఈ పని మొదలుపెట్టినచో తొందర యుండదు. బేరములో తొందరపడువాడే ఎక్కువ చెల్లించును. ఎద్దును కొనునప్పుడు మన పెద్దలు చూపిన ఓపికను, వెంట పెద్దను తీసికొని పోవు అలవాటును ఈ ఇనుప ఎద్దు విషయమునను చూపవలెనని సభ్యులందరికిని నా మనవి.